పాత బీరువాకు క్రొత్త పూత

ధ్యాన వాక్యములు: 2 రాజులు 12:4–15, మత్తయి 23:25, 26, ఎఫెసీయులకు 4:22–24



మన పెద్దలు నెల్లూరు, ఒంగోలు, గుంటూరు సీమలు విడిచి కోలారు బంగారు గనులకు, షోలాపూరు మిల్లులకు, మద్రాసు రైల్వే వర్క్‌షాపులకు పనికి వచ్చినప్పుడు వారి సామాను ఒక మూటకు మించలేదు. కొన్నాళ్ళకు నాలుగు డబ్బులు కూడినప్పుడు వంటింటికని చేయించుకొన్న మొదటి వస్తువు చాలమందికి ఒక చెక్క బీరువా. దానికి జాలి తలుపులు. చీమలు ఎక్కకుండ కాళ్ళ క్రింద నీళ్ళ గిన్నెలు. పాలు, పెరుగు, పచ్చడి జాడీ అన్నియు అందులోనే. కోలారు గనులు 2001లో మూతబడినవి. ఆ బీరువాలు మాత్రము నేటికిని కొన్ని ఇండ్లలో పొగచూరి, జిడ్డుపట్టి నిలిచియున్నవి.

ఇప్పుడు పెండ్లిచూపులవారు వచ్చుచున్నారనగానే పిల్లలకు ఆ బీరువాను చూచి సిగ్గు. దానిని పాతసామానువానికి అమ్మివేసి, వాయిదాల మీద క్రొత్త వంటిల్లు కట్టించుకొందురు. ఆ వాయిదాలు తీర్చుటకు మరియొక అప్పు. అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతలు 22:7 చెప్పుచున్నది. వంటిల్లు మెరయుచున్నది గాని, ఆ వంటింటిలో వండుకొని తినువారికి నెమ్మది లేదు. ప్రియులారా, ఈ స్థితి మన సంఘములలో లేదందుమా?

దేవుని వాక్యము బాగుచేయుటను చిన్న పనిగా ఎంచలేదు. యోవాషు రాజు దినములలో మందిరము శిథిలమై యుండెను. మరమ్మతుకని ద్రవ్యము వచ్చుచుండెను, అయినను రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు పని జరుగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన సొమ్ము వడ్లవారికి, కాసెపనివారికి, మ్రానులకు, రాళ్ళకు వెళ్ళెను. ఆ సొమ్ముతో వెండి పాత్రలు చేయించలేదని వ్రాయబడియున్నది. పని ముగిసిన తరువాత మిగిలిన దానితోనే పాత్రలు చేయించిరని 2 దినవృత్తాంతములు 24లో చూచుచున్నాము. ముందు మరమ్మతు, తరువాత అలంకారము. ఈ వరుస తప్పినందుననే మనకు అప్పులు.

కాబట్టి పాత బీరువాను తక్కువ ఖర్చులో బాగుచేయు పనిని మెట్టు మెట్టుగా చూతము. ప్రతి మెట్టులోను ఆత్మకు పాఠమున్నది.

మొదటిది: లెక్క చూచుకొనుట. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించవలెనని ప్రభువు లూకా 14లో సెలవిచ్చెను. అయిదడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల బీరువా అనుకొనుడి. ముందుభాగము 15 చదరపు అడుగులు, రెండు ప్రక్కలు కలిసి 15, పైభాగము నాలుగున్నర; మొత్తము ముప్పదియైదుకు లోపే. రెండు పూతలకు 70 అడుగులు. ఒక లీటరు ఎనామిల్ రంగు నున్నని చెక్కపై ఒక పూతగా నూరు అడుగులకు పైగా వచ్చును. అనగా ఒక లీటరు డబ్బా చాలును, మిగులును. దానితోపాటు ప్రైమరు, కొంచెము లప్పము, గరుకు కాగితములు, ఒక బ్రష్షు. చెమట మనది. క్రొత్త వంటింటి వాయిదాల ప్రక్కన దీనిని పెట్టి చూడుడి.

రెండవది: ఖాళీ చేసి తట్టి చూచుట. సామానంతయు దించి, తలుపులు ఊడదీసి, ఏ తలుపు ఎక్కడిదో సుద్దముక్కతో అంకె వేయవలెను. తుప్పుపట్టిన స్క్రూ రాకపోతే రెండు చుక్కలు కిరసనాయిలు వేసి కొంతసేపు ఆగవలెను, బలవంతము చేయరాదు. తరువాత కత్తి మొనతో కాళ్ళను, వెనుక పలకను పొడిచి చూడవలెను. చెక్క డొల్లగా పలికినా, మొన మెత్తగా దిగినా, లోపల చెదలున్నవని అర్థము. ఆ ముక్క కోసివేసి క్రొత్త ముక్క అతికించవలసినదే. పొట్టు అదిమి చేసిన పలకలైతే, నీటికి ఉబ్బిన తరువాత అవి బాగుపడవు, మార్చవలెను. టేకువంటి గట్టి చెక్క మాత్రము పైన ఎంత నల్లబడినను లోపల సాధారణముగా గట్టిగనే యుండును.

బలహీనమైన గోడపై పూత పూసినవారిని యెహెజ్కేలు ప్రవక్త 13వ అధ్యాయములో గద్దించెను. వాన వచ్చెను, గోడ పడెను, పూత ఎక్కడ? చెదపట్టిన కాలిపై ఎన్ని పూతలు వేసినను బరువు పెట్టిననాడు అది విరుగును. మన ప్రార్థనా జీవితమును తట్టి చూచిన ఏ శబ్దము వచ్చుచున్నది?

మూడవది: జిడ్డు కడుగుట. చాలమంది తొందరపడి తప్పిపోవునది ఇక్కడనే. ఏండ్ల తరబడి పోపు ఆవిరి, నూనె చిందులు చెక్కపై పొరగా పట్టియుండును. దానిపై వేసిన రంగు పట్టదు. ఎంత ఖరీదైన రంగైనను పొరలు పొరలుగా ఊడును. గోరువెచ్చని నీళ్ళలో చాకలి సోడా కొంచెము కలిపి, చేతులకు తొడుగులు వేసుకొని, గుడ్డతో తుడిచి, మంచి నీళ్ళతో మరల తుడిచి, ఒక దినమంతయు నీడన ఆరనియ్యవలెను. పిడుల చుట్టు, మూలలలో రెండు సార్లు కడుగవలెను.

గిన్నె వెలుపల తోమి లోపల విడిచిపెట్టిన పరిసయ్యులను ప్రభువు అడిగినదియు ఇదియే కదా. మొదట లోపల శుభ్రము చేయుమనెను.

నాలుగవది: పాత పూత గీకుట. ముందు 80 నంబరు గరుకు కాగితము, తరువాత 120, చివరకు 220. చెక్క చారల వెంబడియే రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు రంగు క్రింద నుండి కూడ కనబడును. ప్లైవుడ్ అయితే పైపొర పలుచన గనుక మృదువుగా రుద్దవలెను. ఒక హెచ్చరిక: పాతకాలపు రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశములో ఇండ్ల రంగులలో సీసము 90 పీపీఎమ్‌కు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన రంగును పొడిగా రుద్దవద్దు. తడిపి రుద్దుడి, ముక్కుకు మాస్కు కట్టుకొనుడి, పిల్లలను, గర్భిణీలను దూరముగా ఉంచుడి, ఆ ముద్దను పెరటిలో పారవేయక తడిగుడ్డతో ఎత్తి మూటకట్టుడి.

గీకుట చెక్కకు ఇష్టమైన పని కాదు. ప్రాచీన స్వభావమును వదులుకొని నవీన స్వభావమును ధరించుకొనవలెనని అపొస్తలుడు చెప్పిన వరుస గమనించుడి. వదులుకొనుట ముందు, ధరించుకొనుట తరువాత. పాతదానిపైనే క్రొత్తది తొడుగుకొందమను కోరిక మనది.

అయిదవది: ఓపికతో పూత. మేకుల రంధ్రములకు లప్పము పెట్టి, ఆరిన తరువాత నునుపు చేసి, ధూళి తుడిచి, ఒక పూత ప్రైమరు. తరువాత రంగు రెండు పలుచని పూతలు. ఒక్కొక్క పూతకు మధ్య ఒక రాత్రి. దట్టముగా ఒకేసారి పూసిన రంగు కారును, ముడుతలు పడును. వేగిరపడినవాని పని రెండుమారులు అగును.

ప్రియులారా, బీరువా సంగతి ఇంతటితో ముగిసినది. మనుష్యుల సంగతి మిగిలియున్నది. తల్లిదండ్రుల సామాను పంచుకొన్ననాడు ఒక బీరువా కొరకు, ఒక ఇత్తడి బిందె కొరకు మాట పట్టింపు పడి, ఏండ్ల తరబడి పలుకరించుకొనని అన్నదమ్ములు, తోడికోడండ్రు మన సంఘములలో ఉన్నారు. ఒకే ఆలయములో అటు బల్లపై ఒకరు, ఇటు బల్లపై ఒకరు. ఒకే రొట్టె విరుచుచున్నారు. పైన సంఘ సభ్యత్వపు పూత మెరయుచున్నది, క్రింద జిడ్డు కడుగబడలేదు. ఆ పూత ఎన్నాళ్ళు నిలుచును? కానుకను బలిపీఠము ఎదుట విడిచి, మొదట వెళ్ళి సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి 5లో ఆజ్ఞాపించెను. ఆయన తేదీ ఇవ్వలేదు గాని “మొదట” అనెను.

“ఇన్నేండ్ల పగ, ఇక బాగుపడదు” అందురేమో. మన మిషను చరిత్ర జ్ఞాపకము చేసికొనుడి. 1853లో అమెరికాలోని మన మిషనువారు, ఫలము కనబడని నెల్లూరు మిషనును మూసివేయవలెనా అని ఆలోచించిరి. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి కొద్దిమంది విశ్వాసులు ఒంగోలు కొండపై మోకరించిరి. 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పారవేయుదమనుకొన్నదానిని దేవుడు పారవేయలేదు. ఆ కృప వలననే నేడు మనము పరాయి సీమలోను తెలుగున ఆయనను స్తుతించుచున్నాము. మనలను పారవేయని దేవుని బిడ్డలము, ఒక సహోదరుని పారవేయుదుమా?

కావున వచ్చు నెల ప్రభువు బల్లకు ముందు రెండు పనులు చేయుదము. వాయిదాల కాగితముపై సంతకము పెట్టకముందు ఇంటనున్నదానిని ఒకసారి తట్టి చూతము. పలుకరించుట మానిన ఇంటి గుమ్మము తట్టుదము. మొదటి మాట మనదే కావలెను. ఎవరిది తప్పు అన్న లెక్క గుమ్మము బయటనే విడిచి వెళ్ళుదము.

మనలను తన రక్తముతో కడిగి నూతనపరచు ప్రభువు, మీ ఇండ్లను అప్పుల నుండియు మీ హృదయములను పగల నుండియు విడిపించి, సమాధానముతో నింపును గాక. ఆమేన్.