ముసలి గొంతుకు కొత్త పాట ఎందుకు?



ఈసారి మన పత్రికలో సాధారణముగా కనిపించని వారి సంగతితో మొదలుపెట్టవలసి వస్తున్నది. 2023 అక్టోబరులో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లాండు రాక్ బృందము ఒక కొత్త ఆల్బము విడుదల చేసింది. పాటగాడు మిక్ జాగర్‌కు అప్పటికే 80 ఏళ్లు నిండాయి. గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కు ఇంకో రెండు నెలలలో నిండబోతున్నాయి. 2005 తరువాత తాము స్వయముగా కట్టుకున్న పాటలతో వారు తెచ్చిన మొదటి ఆల్బము అది. పద్దెనిమిదేళ్లు ఊరుకున్నవారు, ఇంకా ఊరుకుంటే ఏమి పోయింది? ఈ వయసులో వీరికి ఇదేమి పిచ్చి? ఇలా అడిగిన వారు చాలామంది.

మన ఊళ్లలోనైతే "కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చోక" అంటారు. మన ఇండ్లలో ఆ మాటనే కొంచెము మార్చి "ప్రార్థన చేసుకుంటూ కూర్చోక" అంటాము. మాట మారింది గాని ఆ మూల మాత్రము మారలేదు. పెద్దవారికి మనము చూపించే చోటు అదే. అందుకే ఈ రాక్ పాటగాళ్ల సంగతి మనకు సంబంధించినదే అని నాకు తోచింది.

రాక్ సంగీతము 1950లలో యౌవనస్థుల కోసము పుట్టినది. అది ముసలిదవుతుందని దానిని పుట్టించిన వారు కూడ తలంచలేదు. మన శాస్త్రీయ సంగీతములో ఈ చిక్కు అంతగా లేదు. 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 2016లో తమ 86వ ఏట కన్నుమూశారు. ఎనభై దాటిన తరువాత ఆయన వేదిక ఎక్కితే "ఇంకా ఎందుకు" అని ఎవరూ అడుగలేదు. అక్కడ వయసు ఒక అర్హత. చిక్కంతా సినిమా పాటతోను, రాక్ పాటతోను వచ్చినది. అక్కడ గొంతుకు ఎప్పుడూ ఇరవై ఏళ్లే ఉండాలి.

చాకవేలు, చేలూరు, చింతామణి వైపునుండి వచ్చిన మనకు ఇంకొక ఉదాహరణ ఊరి పక్కనే ఉన్నది. చింతామణి తాలూకా కైవారములో కన్నడ నేలమీద తెలుగులోను, కన్నడములోను పదములు కట్టిన యోగి నారేయణ యతీంద్రులను ఆ చుట్టుపక్కల వారు ఏమని పిలుస్తారు? కైవారం తాతయ్య అని. గాజులమ్మి బ్రతికిన మనిషి ఆయన. 1726లో పుట్టి 1836 వరకు, అంటే 110 ఏళ్లు బ్రతికాడని అక్కడి సంప్రదాయము చెబుతుంది. ఆ లెక్క సంగతి అలా ఉంచుదాము. ఆయన మతము మనది కాదు, ఆయన పదములు మన ఆరాధనలో పాడము. అయినా ఒక ప్రాంతము తన పాటగాడిని తాతయ్యగానే జ్ఞాపకము ఉంచుకున్నది చూడండి. పాట తాతలు కట్టేది అని తెలిసిన నేల మనది. ముసలివాడు పాట కడితే నవ్వే అలవాటు మనము వలస పోయిన పట్టణములలో నేర్చుకున్నామేమో అని నాకు అనుమానము.

ఇక ఎదుటివారి వాదన కూడ న్యాయముగా వినాలి. గొంతు పోయిన తరువాత పాడకూడదు అంటారు. నిజమే, ఆపడములో కూడ గొప్పతనము ఉన్నది. గుంటూరు సీమలో 1938లో పుట్టిన ఎస్. జానకిగారు 1957లో సినిమా పాటలు మొదలుపెట్టి, దరిదాపు అరవై ఏళ్లు పాడి, 2016లో ఒక మలయాళ జోలపాటతో ఇక చాలునని ప్రకటించారు. 2017లో మైసూరు కచేరీతో వేదికకు కూడ సెలవు చెప్పారు. ఎవరూ దిగమనలేదు. తానే లెక్క చూసుకుని దిగిన మనిషి ఆమె.

లేఖనములలో బర్జిల్లయి కూడ అటువంటివాడే. దావీదు రాజు తనతో యెరూషలేముకు రమ్మని పిలిస్తే, ఆ ఎనభై ఏళ్ల ముసలివాడు ఒప్పుకోలేదు. తిండి రుచి తెలియని వయసు, పాటగాండ్ర స్వరము చెవికి ఆనని వయసు, నేనెందుకు రాజుకు భారము అని చెప్పి, తనకు బదులు కింహామును పంపాడు. రెండవ సమూయేలు 19వ అధ్యాయములో ఈ భాగము చదివినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవము పెరుగుతుంది. అయితే ఒక సంగతి గమనించాలి. అక్కడ రాజు పిలిచాడు, ముసలివాడు వద్దన్నాడు. తీర్పు ముసలివాని నోట వచ్చింది. మన దగ్గర ఆ తీర్పు వయసులో ఉన్నవారే చెప్పేస్తున్నారు.

పిల్లల చోటు పెద్దలు ఆక్రమిస్తున్నారు అనేది ఇంకొక మాట. సంఘములో ఒకే మైకు ఉన్నప్పుడు ఈ మాటలో బలమున్నది. ముప్పై ఏళ్లుగా పాటల బృందమును వదలని పెద్దలను మనమందరమూ చూశాము, అది వేరే పత్రికకు సరిపడ సంగతి. కాని రికార్డు ఒక్క మైకు వంటిది కాదు. జాగర్ పాడినంత మాత్రాన ఏ కుర్రవాడి పాటా ఆగదు.

డబ్బు కోసమే అనే మాట కూడ ఉన్నది. ఇది తేలికగా తేలిపోతుంది. అంత వయసున్న పాటగాడికి డబ్బు కొత్త పాటలో లేదు, పాత పాటలో ఉన్నది. జనము టిక్కెట్టు కొనేది తాము కాలేజీలో విన్నది మళ్లీ వినడానికి. "ఇప్పుడొక కొత్త పాట" అని వేదిక మీద చెప్పగానే జనము కాఫీకి లేస్తారని ఆ లోకములో ఒక హాస్యము కూడ ఉన్నది. డబ్బే కావలసినవాడు పాత పాటలు పాడుకుంటూ హాయిగా ఉంటాడు. ఎవరూ అడుగని కొత్త పాట కట్టేవాడిని వేరే ఏదో తరుముతూ ఉండాలి.

అది ఏమిటో తెలియాలంటే జానీ క్యాష్ చివరి పదేళ్లు చూడాలి. ఈయన అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రములో పత్తి చేలలో పని చేసిన కుటుంబములో 1932లో పుట్టాడు. చిన్ననాడు బాప్టిస్టు సంఘములో కీర్తనలు విని పెరిగాడు. పత్తి తీసే చేతులు, సాయంత్రము కీర్తన. ఈ బ్రతుకు మనవారిలో పెద్దలకు వివరించనక్కర లేదు. 1955లో మొదటి రికార్డు తెచ్చాడు. పేరు వచ్చింది, డబ్బు వచ్చింది, మాత్రల వ్యసనము వచ్చింది, విశ్వాసము వైపు తిరిగి రావడము కూడ జరిగింది. 1986లో ఆయన పాత రికార్డు కంపెనీ ఇక నీ పాటలు అమ్ముడుపోవని వదిలేసింది. అప్పటికి 54 ఏళ్లు. అక్కడితో ఆగిపోతే జనము పాత క్యాష్‌ను తలచుకుంటూ ఉండేవారు, ఎవరికీ లోటు తెలిసేది కాదు.

ఆ తరువాత రిక్ రూబిన్ అనే తన కొడుకు వయసు నిర్మాత వచ్చాడు. వాద్యములన్నీ పక్కన పెట్టించి, ఇంటి హాలులో గిటారు ఒక్కటి ఇచ్చి కూర్చోబెట్టి, నీకు ఇష్టమైనవి పాడు అన్నాడు. ఆ ఆల్బము 1994లో వచ్చింది. అప్పటినుండి చనిపోయేదాకా ఆ పని ఆగలేదు. ఆరోగ్యము పాడైంది, చూపు తగ్గింది, గొంతు వణికింది. ఆ వణుకును వారు దాచలేదు. 2002లో ఒక రాక్ కుర్రవాడు వ్యసనము మీద వ్రాసిన పాటను ఆయన పాడితే, పాట అదే అయినా అర్థము మారిపోయింది. కుర్రవాడి నోట నిస్పృహ అయినది, డెబ్బై ఏళ్లవాని నోట పశ్చాత్తాపము అయినది. తన తల్లి కీర్తనల పుస్తకములోని కీర్తనలను కూడ గిటారు ఒక్కటి పట్టుకుని పాడాడు.

2003 మే నెలలో ఆయన భార్య జూన్ చనిపోయింది. సెప్టెంబరులో ఆయన పోయాడు. మధ్యనున్న ఆ నాలుగు నెలలలో, కుర్చీలో కూర్చుని, ఊపిరి ఆడినంతసేపు పాడుతూ పదుల కొద్దీ పాటలు రికార్డు చేశాడు. తాను వ్రాసిన చివరి పాట ఒక రైలు మీద. తన శవపేటికను మోసుకుపోయే రైలు అది. తన ఎగఊపిరి మీద తానే హాస్యమాడుకున్నాడు అందులో. 1955లో మొదటి రికార్డులో కూడ ఒక రైలు పాట ఉన్నది, ఇంటికి వెళ్లే కుర్రవాడి తొందర అందులోనిది. రెండు పాటలూ ఒకరివే. రెండవది పాడాలంటే మాత్రము ఆ నలభై ఎనిమిదేళ్లూ బ్రతకాలి. ఎంత ప్రతిభ ఉన్నా పాతికేళ్లవాడు ఆ పాట కట్టలేడు.

కెనడా కవి గాయకుడు లెనార్డ్ కోహెన్ కూడ అంతే. వెన్ను నొప్పితో కదలలేని స్థితిలో, కొడుకు దగ్గరుండి సాయము చేయగా, ఇంట్లోనే కూర్చుని చివరి పాటలు పాడాడు. 2016 అక్టోబరులో ఆల్బము వచ్చింది, మూడు వారములు తిరుగకుండానే 82వ ఏట కన్నుమూశాడు. మరణమును గూర్చి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. గడపలో నిలబడి చూసి చెప్పినవారు తక్కువ.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి చూడండి. కీర్తనకు కవి పేరు ఉంటుంది గాని, ఏ వయసున వ్రాసినదో ఉండదు. పురుషోత్తమ చౌధరిగారు 1803లో పుట్టి 1890 వరకు జీవించారు. ఆయన కీర్తన పాడేటప్పుడు ఇది ముప్పైలో వ్రాసినదా, డెబ్బైలో వ్రాసినదా అని మనలో ఎవరమూ ఆగి అడుగము. పుస్తకములో లేని వయోపరిమితి మన మనసులలోకి ఎక్కడనుండి వచ్చింది?

నాకు తోచినది చెబుతాను. లోపము పాడేవారి గొంతులో కంటె వినేవారి కోరికలో ఎక్కువ ఉన్నది. పాత పాట అడిగేవాడు పాటగాడిని అడగడము లేదు, తన చిన్నతనమును తిరిగి ఇమ్మంటున్నాడు. వలస పోయినవారిలో ఈ ఆశ మరీ ఎక్కువ. ఊరు విడిచినప్పుడు ఊరు ఎలా ఉన్నదో అలాగే ఉండాలని మన కోరిక. అక్కడి మనుష్యులు కూడ మనము వదిలిన చోటనే నిలబడి ఉండాలి, మనము తిరిగి వెళ్లినప్పుడు ఆ పాటే పాడాలి.

చాకవేలు వైపు ఒక పల్లెకు పండుగ సెలవులలో వెళ్లినప్పుడు, బెంగుళూరునుండి వచ్చిన మనవారు కొందరు ఒక పెద్దాయన ముందు ఫోను పెట్టి, చిన్నప్పుడు పాడించిన పాట అడిగారు. ఆయన పాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫోను జేబులోకి పోయింది. అప్పుడాయన "ఇంగొగటి కట్టినానప్పా, ఇంటారా?" అన్నాడు. అప్పటికి కారు దగ్గర తొందర. మిగిలిన ఇద్దరు ముగ్గురము విన్నాము. వెయ్యి అడుగులు దిగినా తడి తగలని బోరుబావి మీద, కొడుకులు పట్నము పోయిన ఇంటి మీద కట్టినాడు. రాగము రెండు చోట్ల జారింది. ఫోనులో పట్టుకున్న పాత పాటకంటె అది ఎన్నో రెట్లు నిజమైన పాట.

పాత గొంతు మీద మాత్రమే ప్రేమ ఉంటే అది ఎక్కడికి పోతుందో ఈ మధ్యనే చూశాము. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరులో 74వ ఏట మనలను విడిచారు. ఆ సంవత్సరము కూడ ఆయన కొత్త పాటలు పాడారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును యంత్రముతో పుట్టించి వాడుకున్నారని, తమ అనుమతి తీసుకోలేదని కుటుంబము నోటీసు పంపిన సంగతి 2024లో పత్రికలలో వచ్చింది. బ్రతికి ఉన్న ముసలివాని కొత్త పాట వద్దు, చనిపోయినవాని పడుచు గొంతు కావాలి. మన అభిరుచి ఇలాగే సాగితే, ముసలితనమే లేని పాటగాండ్రను యంత్రములు ఎందరినైనా తయారుచేసి ఇస్తాయి. వారు బర్జిల్లయి వలె ఎప్పటికీ చాలు అనరు. జానకిగారి వలె తమంతట తాము దిగరు. రైలు పాట కట్టరు.

71వ కీర్తనలో ముసలివాడైన భక్తుడు బలము తగ్గినప్పుడు తనను విడిచిపెట్టవద్దని వేడుకుంటాడు. ఆయన అడిగేది విశ్రాంతి కాదు, రాబోయే తరమునకు చెప్పేదాకా గడువు. కొత్త కీర్తన పాడుడని చెప్పే 96వ కీర్తన, 98వ కీర్తన కూడ ఎవరి వయసూ అడుగవు.

ఆపదలచినవారు ఆపవచ్చును. బలవంతముగా పాడించడము కూడ ఒక హింసయే, అది కూడ సంఘములలో జరుగుచున్నది. కాని పాడదలచిన పెద్దలు వచ్చినప్పుడు మనము చేయగలిగిన పని ఒకటి ఉన్నది, ఖర్చు లేనిది. మన కీబోర్డులన్నిటిలో శ్రుతి మార్చే మీట ఉంటుంది. ఇరవై ఏళ్ల పిల్లల గొంతుకు పెట్టిన శ్రుతిలోనే డెబ్బై ఏళ్ల అమ్మను పాడించి, పైస్థాయి అందక ఆమె ఆగిపోతే, గొంతు పోయింది పాపము అనుకుంటున్నాము. వచ్చే ఆదివారము కీబోర్డు వాయించే అబ్బాయి ఆ మీటను రెండు మూడు మెట్లు దించి, "ఇక్కడ సరిపోయిందా అమ్మమ్మా?" అని ఒకమాట అడిగి చూడాలి. ఆ తరువాత పాత పాటే పాడుతుందో, ఇంట్లో పొయ్యి దగ్గర కట్టుకున్నది తీస్తుందో, ఆమె ఇష్టము.