హరిదాసుని కుటీరము

శ్రీకృష్ణచైతన్య మహాప్రభువుల దర్శనార్థమై సనాతన గోస్వామి బృందావనము నుండి ఝారిఖండారణ్య మార్గమున ఒంటరిగా పురీక్షేత్రమునకు వచ్చెను. దారిలోని ఉపవాసముల వలనను, చెడునీటి వలనను ఆయన దేహమంతయు దురదపుండ్లతో నిండి రసి కారుచుండెను. జగన్నాథుని సేవకులు తగులుదురేమోయను భయముచే సింహద్వారపు దారి విడిచి, జ్యేష్ఠమాసపు టెండలో కాలిన యిసుకపై నడచి పాదములు బొబ్బలెక్కించుకొనెను. అంతకు మునుపు దారిలోనే రథచక్రముల క్రింద ప్రాణములు విడువ నిశ్చయించుకొనెనని చైతన్యచరితామృతము చెప్పుచున్నది. రోగమొక్కటియే మనుజు నంతదూరము కొనిపోదు. తా నెవరికిని అక్కఱలేదను తలంపు పుండుకంటె లోతుగా దిగును.

ప్రభువు ఆయనను హరిదాస ఠాకూరు కుటీరమున నుంచెను. అది ఊరిబయట పాక కాదు. ప్రభువు బసకు చేరువనున్న పూలతోటలోనిది. గోవిందుడు దినదినము ప్రసాదము తెచ్చుచుండెను. ప్రభువు తానే వచ్చి కూర్చుండి ముచ్చటించెడివాడు. వలదని సనాతనుడు వెనుకకు జరుగుచున్నను కౌగిలించుకొనెడివాడు. మరణసంకల్పము నెఱిగి మందలించి, ఆ దేహముతో తనకు చేయవలసిన పనులు పెక్కు కలవనెను. రథయాత్ర కాగానే బృందావనమునకు మరలుట మేలని హితము పలికిన జగదానందునిపై కోపించెను. మర్యాదగా సాగనంపుటయు వెలివేతయే కదా!

పిదప నా రోగము మాయమైనది. అయితే నీడ ముందు లభించినది, స్వస్థత తరువాత వచ్చినది. నేడు లోకము ఈ వరుసను తలక్రిందులు చేసి, నయమైన పిదప రమ్మనుచున్నది. నయము కాని రోగముల మాట యేమి? హెచ్.ఐ.వి. సోకినవాడు జీవితాంతము ప్రతిదినము మందు మ్రింగవలెను. మూత్రపిండములు చెడినవాడు వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్‌కు పోవలెను. నిలువనీడ లేనివానికి మందు దాచుకొను చోటేది? వేళకు అన్నమేది? స్పర్శచేతగాని సహపంక్తిచేతగాని హెచ్.ఐ.వి. అంటుకొనదు. ఆ కారణమున అద్దెయింటిని నిరాకరించుటను 2017 నాటి చట్టము నిషేధించినది. అయినను చట్టము తలుపు తెఱపించునేగాని, పళ్లెము పట్టుకొని లోనికి వచ్చు గోవిందుని పంపజాలదు. రోగులకు వసతిగృహములు కట్టించు దాతలు గోడలతోపాటు ఈ గోవిందుని సంగతియు తలపోయవలసి యున్నది.

డోలాయాత్ర వఱకు సనాతనుడు పురియందే యుండెను. అటుపిమ్మట ప్రభువు చెప్పిన పనులను తలకెత్తుకొని, ప్రభువు పూర్వము నడచిన త్రోవనే బృందావనమునకు బయలుదేఱెను.