ఈశ్వరునకు కర్త గలడా?



“జగత్తునకు ఈశ్వరుడు కర్తయైనచో ఈశ్వరునకు కర్త యెవడు?” అని యడుగువారిని నాస్తికులని నిందించి నోరు మూయించుట మనలో వాడుకయైనది. ఇది తగదు. ప్రశ్నకు జడియునది విశ్వాసము కాదు, భయము. బృహదారణ్యకమున గార్గి, ఈ లోకములు దేనియందు పడుగుపేకలవలె అల్లుకొనియున్నవని వరుసగా అడుగుచు బ్రహ్మలోకము వరకు పోగా, యాజ్ఞవల్క్యుడు అతిప్రశ్న వలదని వారించెను. అయినను ఆమె ఆ సభలోనే మరల లేచి యడిగెను. ఆయన అక్షరతత్త్వమును వివరించెను. ఆమె అడుగకున్నచో ఆ యుత్తరము మనకు దక్కునా?

జాన్ స్టూవర్ట్ మిల్లు స్వీయచరిత్రమున ఈ ప్రశ్నను చదివి తాను ఆదికారణవాదమును విడిచితినని బెర్ట్రాండ్ రస్సెల్ 1927లో ఒక యుపన్యాసమున చెప్పెను. ఈశ్వరుడు కారణము లేక యుండగలిగినచో జగత్తే యట్లుండరాదా యని యాతని వాదము. దీనిని తేలికగా త్రోసివేయరాదు.

పుట్టినదానికే కారణము వలయునుగాని, ఉన్నదానికెల్ల కాదు. కర్త గలవాడు ఈశ్వరుడే కాడు. సరే, జగత్తు పుట్టినదా? విశ్వము వ్యాకోచించుచున్నదని బెల్జియము దేశపు క్రైస్తవాచార్యుడు లెమెట్ర్ 1927లో ప్రతిపాదించెను. దూరపు నక్షత్రసమూహములు దూరమునకు తగిన వేగముతో తొలగిపోవుచున్నవని హబుల్ 1929లో చూపెను. ఆ వ్యాకోచమారంభమై సుమారు 1380 కోట్ల సంవత్సరములైనదని నేటి గణన. ఇంతమాత్రమున సృష్టి ఋజువైనదని మనము సంబరపడరాదు. 1951లో పోపు పన్నెండవ పయస్ ఆ ధోరణిని పలుకగా లెమెట్రే సమ్మతింపలేదు. ఆ లెక్క వ్యాకోచపు తొలిదశను తెలుపునుగాని, అసలు జగత్తేల యున్నదో తెలుపదు. ఋగ్వేదమునందలి నాసదీయసూక్తమును సృష్టిని గూర్చి సందేహముతోనే ముగియుచున్నది.

కావున ఈశ్వరుని కాలపు మొదటి గడియలో వెదకకుడు. ఆయన వస్త్రమునందలి మొదటి నూలుపోగు కాడు; వస్త్రమంతయు నేడును ఎవనియందు నిలిచియున్నదో ఆతడు. జగత్తు అనాదియని తేలినను ఈ యాధారము వలయును. క్షణక్షణము మారుచు ఒకదానిపై నొకటి ఆనుకొనియుండు వస్తువుల మొత్తము, తనంత తాను నిలుచునని మన బుద్ధి యొప్పుకొనదు. రస్సెల్‌కు మన ప్రత్యుత్తరమిదియే. ఇది గణితపు ఋజువు కాదు; విచారించి పట్టుకొన్న విశ్వాసము.

మీ బిడ్డలు ఈ ప్రశ్న నడిగినచో గద్దింపకుడు. చెంత కూర్చుండబెట్టుకొని, తెలిసినది తెలిసినట్లును తెలియనిది తెలియనట్లును చెప్పుడు. సత్యస్వరూపుని సన్నిధికి సత్యము తప్ప వేరు త్రోవ లేదు.