ఇనుము మీద వాలిన అణువు

బిడ్డలో సగం తండ్రిది. తల్లి ఒంటికి కాపలా కాసే రోగనిరోధక టి కణాల లెక్కన ఆ సగం పరాయిదే, తరిమికొట్టవలసిందే. అయినా తొమ్మిది నెలలూ కడుపులో కత్తి దూసేవాళ్లు లేరు. ఎందుకని? 1998లో అమెరికాలోని జార్జియా మెడికల్ కాలేజీలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ బృందానికి చూడి ఎలుకల్లో ఒక జవాబు దొరికింది. ఐడీఓ1 అనే ఎంజైము. పాలు, పప్పు, గుడ్లలోంచి మనకు అందే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని అది మావి దగ్గరే విరిచేస్తుంది. ఆ మేత కరువై టి కణాలు డీలాపడతాయి. ఎంజైముకు అడ్డం వేయగానే వేరే వంశపు తండ్రి పిండాలు నిలవలేదు. తల్లి వంశానివే అయినవి నిలిచాయి.

అమ్మతనపు ఈ ఉపాయాన్ని క్యాన్సర్ దొంగిలించింది. చాలా కణితులు తామే ఐడీఓ1ను తయారుచేసుకుని దాని చాటున దాక్కుంటాయి. పాపిష్టిదే, కానీ ఏం తెలివి!

మనిషి తెలివి దానికి తీసిపోలేదు. ఐడీఓ1 నడుమ హీమ్ అనే వలయపు అణువు, హీమ్ నడుమ ఒకే ఒక్క ఇనుప పరమాణువు. ఆక్సిజన్ వచ్చి వాలేది అక్కడే. ఆ చోటును ముందే ఆక్రమిస్తే? డెలవేర్‌లోని ఇన్సైట్ సంస్థ రసాయనవేత్తలు అల్లిన ఎపాకాడోస్టాట్ అనే మందు అణువు పని అదే. ఎంత చిన్నదో! మందుగా వాడే యాంటీబాడీ దాదాపు 1,50,000 డాల్టన్లు తూగుతుంది, ఇది 438. హైడ్రాక్సీఅమిడీన్‌లోని ఆక్సిజన్‌తో ఇనుమును పట్టుకుంటుంది. బ్రోమిన్, ఫ్లోరిన్ తొడుక్కున్న వలయం హీమ్ పైనున్న ఇరుకులో ఒదుగుతుంది. సల్ఫమైడ్ తోక వాకిలి వైపు చాచుకుంటుంది. మాత్రగా మింగితే పేగు దాటి, కాలేయం కోతకు తట్టుకుని, రక్తంలో తిరిగి, కణంలోకి దూరి ఆ ఒక్క పరమాణువు దగ్గరికి చేరాలి. భారీకాయపు యాంటీబాడీకి కణం గడప దాటడమే గగనం.

2018 ఏప్రిల్‌లో ఎదురుదెబ్బ తగిలింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 700 మందికి పైగా రోగుల పరీక్షలో, పెంబ్రోలిజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు ఎపాకాడోస్టాట్‌ను తోడిచ్చినా అదనపు మేలు కనబడలేదు. మోతాదు చాలలేదన్నవారున్నారు, ట్రిప్టోఫాన్‌ను విరిచే టీడీఓ లాంటి మరో ఎంజైము ఐడీఓ1 పని అందుకుందేమో అన్నవారున్నారు. రోగుల ఆశ సంగతి తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అణువు పొందికపై నా అబ్బురం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈలోగా మరో వింత. ఐడీఓ1 తన హీమ్‌ను అప్పుడప్పుడు వదిలేసి మళ్లీ తెచ్చుకుంటుంది. లిన్రోడోస్టాట్ అనే మరో అణువు ఇనుముతో తలపడనే తలపడదు. హీమ్ లేచిపోయిన చోటులోనే తిష్టవేసి, దాన్ని తిరిగి రానివ్వదు. ఎంజైము ఖాళీగా ఉండే ఆ కాస్త వ్యవధిని పసిగట్టిన బుర్రలకు వెయ్యి దండాలు.