రక్షించు విశ్వాసము

మన తెలుగు కుటుంబములలో గుడికి పోవువారును కలరు, క్రైస్తవ ప్రార్థనాలయమునకు పోవువారును కలరు. ఒకే యింట ఇరువురును ఉండుట కూడ వింతకాదు. “క్రీస్తునందు విశ్వాసముంచిన చాలును, రక్షణ కలుగును” అని క్రైస్తవ సోదరులు చెప్పగా, “అంత సులభముగా దొరకుదానికి విలువ యేమి?” అని ఇరుగుపొరుగువారు ప్రశ్నింతురు. ఆదివారమున నమ్మితినని పలికి, సోమవారమున తూకములో మోసము చేయువాడు కూడ రక్షింపబడునా? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనిని మొదట అడిగినవారు పరమతస్థులు కారు. క్రొత్త నిబంధనలోనే యాకోబు తన పత్రికయందు దీనిని అడిగియున్నాడు.

దేవుడొక్కడే యని దయ్యములును నమ్ముచున్నవి, నమ్మి వణకుచున్నవి, కాని వానికి దానివలన మేలు లేదని యాకోబు వాదము. ఇచట మన తెలుగుభాష మిక్కిలి సహాయపడును. మనకు నమ్ముట వేరు, నమ్ముకొనుట వేరు. వాన వచ్చునని నమ్మినవాడు ఊరక కూర్చుండవచ్చును. భూమిని నమ్ముకొన్న రైతు అటుల కూర్చుండలేడు. వాని కూడు, వాని బిడ్డల బ్రతుకు దానిమీదనే ఆనుకొనియున్నవి. ఐరోపాలోని సంస్కర్తల పరంపరకు చెందిన పండితులు విశ్వాసమును ఎరుక, అంగీకారము, ఆనుకొనుట అను మూడు భాగములుగా విభజించి గ్రంథములు వ్రాసిరి. ‘నమ్ముకొను’ అను ఒక్క మాటలో మన పల్లెవారు ఆ మూడవదానిని చెప్పివేయుదురు. దయ్యములు నమ్మును గాని నమ్ముకొనవు.

మనుష్యుడు తన క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతిమంతుడగునని పౌలు బోధించెను. క్రియలు లేని విశ్వాసము శవప్రాయమని యాకోబు బోధించెను. ఇరువురును అబ్రాహామునే సాక్షిగా పిలుచుట గమనింపదగినది. మార్టిన్ లూథర్ 1522లో తన జర్మను అనువాదమునకు వ్రాసిన పీఠికలో యాకోబు పత్రికను గడ్డిపరకతో పోల్చి చులకన చేసెను. అంతటివానికి అది తొందరపాటే. శ్రీవైష్ణవులు మార్జాల కిశోర న్యాయమనియు, మర్కట కిశోర న్యాయమనియు వాదించుకొన్న విషయమును ఎరిగినవారికి ఈ తగవు క్రొత్తగా తోచదు. తల్లిపిల్లి కరచుకొనిపోవు కూన యేమియు చేయదు, కోతిపిల్ల మాత్రము తల్లిపొట్టను గట్టిగా పట్టుకొనవలెను. పౌలు యాకోబుల నడుమ దూరము అంతకూడ లేదు. క్రియలు రక్షణకు ఇచ్చు వెల కావు. చెట్టు బ్రతికియున్నదో లేదో పండు తెలుపునట్లు, అవి లోపలిదానిని తెలుపును.

ఇంతవరకు మాటలు. ఈ ప్రశ్న నిజముగా నిప్పులో పడినది మన పూర్వులు విడిచివచ్చిన సీమలోనే. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన క్షామమును తెలుగువారు ధాత కరువు అందురు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. వారిలో మాదిగలు అనేకులు. పని మధ్య విరామములలో బోధకులు వారికి క్రీస్తుకథ చెప్పిరి. బాప్తిస్మము కోరువారు రోజురోజుకు పెరిగిరి. కాని దొర ఇయ్యలేదు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై సుమారు పదునైదు మాసములు బాప్తిస్మములను నిలిపివేసెను.

సహాయపు పని ముగిసినది. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని దొర స్పష్టముగా చెప్పెను. జనులు తమ చేతుల బొబ్బలను చూపి, తాము అడుగవచ్చినది ధనము కాదనియు, రాబోవు పంట పోయిన చత్తుమనియు, చచ్చినను క్రైస్తవులుగా చావగోరుచున్నామనియు బదులిచ్చిరట. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ నదిలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇరువురి చొప్పున వంతులు మార్చుకొనుచు, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఆ పదునైదు మాసములలో మరణించినవారి గతి యేమి? బాప్తిస్మమే రక్షించునని తలచువాడైనచో, చావుబ్రతుకులలో నున్న జనులకు దానిని ఆపుటకు క్లౌ దొరకు చేతులు రాకపోవును. సిలువమీది దొంగ బాప్తిస్మము లేకయే పరదైసునకు పిలువబడెనని ఆయన చదివియుండెను. బాప్టిస్టుల మతమున అది విశ్వాసమునకు సాక్ష్యమే గాని దానికి కారణము కాదు. అందుచేతనే ఆగగలిగెను.

అయినను ఒక అనుమానము మిగులును. ఆకలిగొన్నవాని విశ్వాసము కల్తీ యని ముందుగానే అనుమానించుట ధర్మమా? కడుపు నిండినవానిని ఎవరును ఇటుల పరీక్షింపలేదు. మాదిగకు ఊరి బావిలో నీరు లేదు, ఊరి వీధిలో చోటు లేదు. తనను మనిషిగా పిలిచిన దేవుని వెంట వాడు పోయినయెడల, గౌరవమునకై పోయెనని నిందించువారు ఆ గౌరవమును తామేల ఈయలేదో చెప్పవలెను. లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగులు యేసును కేకవేసినది తమ దేహబాధ తాళలేకయే. యేసు వారిని తప్పుపట్టలేదు. పదిమందియు బాగుపడిరి. తిరిగివచ్చినవాడు ఒక్కడే, వాడును సమరయుడు. నీ విశ్వాసము నిన్ను బాగుచేసెనను మాట వానికే దక్కెను. గ్రీకు మూలములోని ఆ క్రియాపదము స్వస్థతకును రక్షణకును కూడ చెల్లును. ఏ అక్కరతో వచ్చితివని వానిని అడుగలేదు. అక్కర తీరినపిదప వాడు ఎటు నడచెనో అదియే చూడబడినది.

అక్కర తీరినపిదప మాత్రమే కాదు, లాభమేమియు లేనిచోట కూడ ఆ నడక కనబడును. 1860 నుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు కూలి ఒడంబడికపై నటాలునకు వచ్చిరి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల సంఘములకు చెందిన బాప్టిస్టులును వారిలో కలరు. ఇచట వారికి గుత్తకిచ్చు కాలువ లేదు, తమ భాషలో బోధించు కాపరి లేడు. క్రైస్తవుడైనందున చెరకుతోటలో సర్దారు పని తగ్గింపడు. మరచిపోయినను అడుగువారు లేరు. వారు మరువలేదు. తమకొక కాపరి కావలెనని స్వదేశములోని సంఘములకు మొరపెట్టుకొనిరి. తెలుగు సంఘములే తమ కానుకలతో నెల్లూరునుండి జాన్ రంగయ్యను 1903లో పంపెను. అదే సంవత్సరము డిసెంబరు 27వ తేదీన, తేయాకు తోటల నడుమ, కీర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడినది. 1915లో మరణించువరకు రంగయ్య ఇచటనే సేవ చేసెను. ఆ సంఘమును స్థాపించినది ఆయనయే యని చరిత్ర చెప్పును. కాని ఆయన ఓడ దిగునాటికే ఆయనకొరకు ఎదురుచూచువారు ఆ తోటలలో ఉండిరి.