మన షెడ్డులో ఎవరి హక్కు ఉంది?

గత ఏడాది రంజాన్ మాసానికి ముందు ఒక దర్స్ కోసం మేము ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వెళ్ళాము. ఇషా నమాజు ముగిశాక ఒక యువ సోదరుడు మమ్మల్ని పట్టుబట్టి తన ఇంటికి తీసుకువెళ్ళాడు. చాయ్ తాగిన తర్వాత పెరట్లోని రేకుల షెడ్డు తలుపు తీసి, కప్పి ఉన్న మందపాటి గుడ్డను తొలగించాడు. లోపల ఎర్రటి స్పోర్ట్స్ కారు! నేలకు జానెడు ఎత్తులో ఉంది. అందులో ఇద్దరే కూర్చోగలరు. బెంగుళూరులో ఉద్యోగం చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. ఉద్యోగం మానేసి, ఊరికి వచ్చి పత్తి వ్యాపారంలో దిగాక దానిని నడిపే అవసరమే రాలేదు.

“హజ్రత్! ఆదివారం ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తాను. లేకపోతే బ్యాటరీ పడిపోతుంది. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ వస్తే అడుగు తగులుతుంది. ఏటా ఇన్సూరెన్స్ కడుతున్నాను. ఎలుకలు ఒకసారి వైర్లు కొరికేశాయి. అమ్మేద్దామంటే మనసు ఒప్పడం లేదు. ఉంచుకుందామంటే మీ ప్రసంగాలు విన్నప్పుడల్లా గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఇది ఉంచుకోవడం పాపమా? మీరే చెప్పండి” అన్నాడు.

ఆ రాత్రి ఆ సోదరునితో మాట్లాడుకున్న విషయాలే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఎందుకంటే కారు ఒక్కరి ఇంట్లోనే ఉండవచ్చు గాని, ఈ ప్రశ్న మనందరి ఇళ్ళలోనూ ఉంది.

వస్తువు హరాం కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ధర్మసమ్మతమైన సంపాదనతో కొన్న మంచి వాహనాన్ని ఇస్లాం నిషేధించలేదు. అల్లాహ్ సౌందర్యవంతుడని, సౌందర్యాన్ని ఇష్టపడతాడని మహాప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. అయితే అదే సందర్భంలో అహంకారం అంటే ఏమిటో కూడా స్పష్టం చేశారు. సత్యాన్ని తిరస్కరించడం, సాటి మనుషులను చులకనగా చూడడమే అహంకారం. మంచి బట్టలో, మంచి చెప్పులో అహంకారం లేదు. అది ఉండేది మనిషి గుండెలో.

సొంత వాడకానికి ఉంచుకున్న వాహనం మీద జకాత్ కూడా లేదు. ముస్లిం స్వారీ చేసే గుర్రం మీద జకాత్ లేదని హదీసులో ఉంది. అమ్మకం కోసమే కొని పెట్టుకున్న సరుకైతే ఆ సంగతి వేరు. అప్పుడు దాని విలువ మీద ఏటా రెండున్నర శాతం ఇవ్వాలి.

“అయితే నిశ్చింతగా ఉంచుకోవచ్చన్న మాట!” అన్నాడు ఆ సోదరుడు, ముఖం విప్పారగా. “తొందరపడకండి, ఇంకా మాట సగంలోనే ఉంది” అన్నాము.

మూడు రకాల గుర్రాలు

ఆ కాలంలో మేలుజాతి గుర్రమంటే ఈనాటి ఖరీదైన కారు వంటిదే. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దాని సారాంశం ప్రకారం గుర్రాలు మూడు రకాలు. ఒకరికి గుర్రం పుణ్యం. మరొకరికి అది మరుగు. ఇంకొకరికి అది భారం.

దైవమార్గంలో సేవ కోసం కట్టి ఉంచినవారికి అది పుణ్యం. పచ్చికలో అది మేసిన ప్రతి పరకా, యజమాని తాపాలని అనుకోకపోయినా అది ఏటిలో తాగిన నీళ్ళూ అతని పుణ్యంలో జమ అవుతాయి. తన అవసరానికి, ఇతరుల ముందు చేయి చాచకుండా గౌరవంగా బతకడానికి ఉంచుకుని, దాని విషయంలో అల్లాహ్ హక్కును మరచిపోనివారికి అది మరుగు. గొప్పలకు, ప్రదర్శనకు, విశ్వాసుల పట్ల వైరంతో ఉంచుకున్నవారికి అది భారం.

జంతువు ఒక్కటే. మేతా ఒక్కటే. మారిందల్లా కట్టి ఉంచినవాని ఉద్దేశమే!

అప్పుడు సహచరులు గాడిదల సంగతేమిటని అడిగారు. వాటి గురించి తనపై ప్రత్యేకంగా ఏమీ అవతరించలేదని, సర్వాన్నీ ఇముడ్చుకున్న ఒక ఆయతు మాత్రం ఉందని దైవప్రవక్త (స) చెప్పి, జిల్‌జాల్ సూరాలోని చివరి ఆయతులను చదివి వినిపించారు. రవ్వంత మేలు చేసినవాడు దాన్ని చూసుకుంటాడు, రవ్వంత కీడు చేసినవాడు కూడా దాన్ని చూసుకుంటాడన్నది ఆ ఆయతుల భావం. ఆ రోజు గాడిదలకు వర్తించిన నియమమే ఈ రోజు మన కార్లకు, బైకులకు, ట్రాక్టర్లకు వర్తిస్తుంది.

“మీ కారు ఈ మూడింటిలో ఏ రకమో మేము చెప్పలేము. మీరే చెప్పుకోవాలి” అన్నాము. అతను కాసేపు ఆలోచించి, “పుణ్యం కాదు హజ్రత్. ఇద్దరే పట్టే బండిలో ఎవరిని ఎక్కించుకుంటాను? మా అమ్మీకి అర్ధరాత్రి ఆయాసం వస్తే కర్నూలు పెద్దాసుపత్రికి పక్కింటివాళ్ళ బండిలోనే తీసుకుపోయాను. అవసరానికీ పనికిరాలేదు. మరి మిగిలింది...” అని ఆగిపోయాడు.

మిగులు ఎవరిది?

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఒక ప్రయాణంలో ఒకతను తన ఒంటె మీద వచ్చి కుడివైపు, ఎడమవైపు చూడసాగాడు. అతని అవసరాన్ని దైవప్రవక్త (స) గ్రహించారు. మిగులు వాహనం ఉన్నవారు వాహనం లేనివారికి ఇవ్వాలని, మిగులు ఆహారం ఉన్నవారు ఆహారం లేనివారికి ఇవ్వాలని చెప్పారు. అలా ఆయన ఒక్కొక్క రకం సొత్తును పేర్కొంటూ పోతుంటే, మిగులు దేని మీదా తమకు హక్కు లేదేమోనని సహచరులకు అనిపించిందట.

మన పశ్చిమ కర్నూలులో కుడివైపు, ఎడమవైపు చూసేవారికి కొదవ లేదు. వాన రాని ఏడాది ఊళ్ళకు ఊళ్ళే పిల్లాపాపలతో సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతాయి. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో దూది దుమ్ము పీల్చే కూలీలు, ఎమ్మిగనూరులో మగ్గం మీద నడుము వంచిన నేతగాళ్ళు మన గోడ అవతలే ఉన్నారు. మన మిగులు ఏమిటో వారిని చూస్తే తెలుస్తుంది.

దానధర్మాల కంటే ముందు

“అమ్మేసి ఆ డబ్బు సదఖా చేయమంటారా?” అని అడిగాడు.

“సదఖా కంటే ముందు చూసుకోవలసినది ఒకటి ఉంది. మీ మీద ఎవరి హక్కైనా మిగిలి ఉందా? ఈ కారులో ఇంకెవరి డబ్బైనా కలిసి ఉందా?” అని అడిగాము.

ఈ ప్రశ్నకు ఆ సోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. తండ్రి చనిపోయాక ఆయన వదిలివెళ్ళిన నల్లరేగడి పొలాన్ని 24 లక్షలకు అమ్మారు. తల్లి వాటా ఆమె చేతికి ఇచ్చాడు. ఎమ్మిగనూరులో నేత ఇంటికి కోడలిగా వెళ్ళిన అక్కను అడిగితే, “నాకేమీ వద్దు తమ్ముడూ, నువ్వు బాగుంటే చాలు” అన్నదట. ఆ డబ్బులో కొంత వ్యాపారానికి, కొంత ఈ కారుకు పెట్టాడు.

సోదరులారా! దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా ఈ లెక్కను మన ఇష్టానికి వదలలేదు. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీలకు అందులో వాటా ఉందని అల్లాహ్ నిర్ణయించాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు వారసులైతే ఆస్తిని 24 భాగాలు చేయాలి. తల్లికి ఎనిమిదో వంతు, అంటే 3 భాగాలు. మిగిలిన 21లో కొడుకుకు 14, కూతురుకు 7. ఆ లెక్కన ఆ అక్కకు రావలసినది 7 లక్షలు.

“కానీ ఆపా తనే వద్దన్నది కదా!” అన్నాడు.

మన ఇళ్ళలో ఈ మాట ఎంతమంది ఆడబిడ్డలు అంటున్నారో, ఎందుకంటున్నారో మనకు తెలియదా? వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం. ఈద్‌కు పిలిచేవారుండరన్న దిగులు. భయంతో, మొహమాటంతో వదులుకున్నది మాఫీ కాదు. ముందు ఆమె వాటాను ఆమె చేతిలో పెట్టాలి. ఆ తర్వాత ఆమె తన ఇష్టంతో తిరిగి ఇస్తే అది కానుక. చేతికి ఇవ్వకుండానే “వద్దన్నది” అని రాసుకోవడం న్యాయం కాదు.

అప్పుతో మరణించిన వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు బాధ్యతను తన మీద వేసుకున్న తర్వాతే నమాజు చేయించారు. మనిషి హక్కు ఎంత బరువైనదో ఇంతకన్నా ఇంకెలా చెప్పాలి?

అమ్మేటప్పుడూ ఇబాదతే

ఆ సోదరుడు కారు అమ్మాడు. కర్నూలు నుంచి వచ్చిన కొనుగోలుదారు చూసి మెచ్చుకున్నాడు. ఒకప్పుడు ముందు భాగం గుద్దుకుంటే బాగు చేయించిన సంగతి చూపులకు తెలియదు. అయినా అతను దాచకుండా చెప్పాడు. ధర 50 వేలు తగ్గింది. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, లోపాలు తెలియజేస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచిపెడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని హదీసు. పైన ఎండిన ధాన్యం, లోపల తడిసిన ధాన్యం పెట్టి అమ్ముతున్న వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన సంఘటన పత్తి బేళ్ళు, వేరుశనగ బస్తాలు అమ్ముకునే మనవాళ్ళకు కొత్త కాదు.

పేరు మార్పిడి కాగితాలు, ఫారం 29, 30, కూడా ఆర్టీఓ ఆఫీసులో వెంటనే ఇప్పించాడు. ఇదీ అమానతే. బండి చేతులు మారినా పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు రికార్డులో పేరున్నవారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చేతికి వచ్చిన ఆరున్నర లక్షలకు వ్యాపారంలోంచి 50 వేలు కలిపి అక్క ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆమె చాలాసేపు డబ్బు ముట్టుకోలేదట. చివరికి తీసుకుని, “అబ్బాజాన్ నన్ను మరచిపోలేదన్న మాట” అన్నదట.

మన ఇంట్లో కప్పి ఉంచినవి

ఇది కారు ఉన్నవారి కథేనని అనుకోకండి. అందరూ అమ్మి తీరాలని కూడా మేము అనడం లేదు. ఎవరి హక్కూ కలవని డబ్బుతో కొని, అవసరానికి నలుగురికీ ఇచ్చే వాహనాన్ని సంతోషంగా ఉంచుకోండి. చిన్నపాటి వాడుక వస్తువులు కూడా ఇవ్వనివారిని మాఊన్ సూరా హెచ్చరించిందని మాత్రం గుర్తుంచుకోండి. బీరువాలో విప్పని పట్టుచీరలు, దావత్‌కు కూడా దించని డిన్నర్ సెట్లు, ఏళ్ళ తరబడి ముళ్ళకంప పెరుగుతున్న రెండో ప్లాటు... వీటి మీద కప్పిన గుడ్డను మా ఇంట్లోనూ ఒకసారి ఎత్తి చూడవలసిందే.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు ఉంది. దానిని ముచ్చటపడి చేయించుకున్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. బండి మిగిలింది, ఎక్కవలసినవారు లేరు. ఆదోనిలో సిద్దీ మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు కూడా మిగిలింది. మొఘల్ సేనలు ఫిరంగులను ఆ మసీదు వైపు తిప్పితే, అది కూలడం చూడలేక ఆయన కోటనే అప్పగించాడని పెద్దలు చెప్పుకుంటారు. ఆ కోట శిథిలమైంది. మసీదులో మాత్రం ఈ రోజూ సజ్దాలు జరుగుతున్నాయి.

మనం వెళ్ళిపోయాక మన వెనక ఏది మిగలాలో నిర్ణయించుకోవలసింది మనం బతికి ఉన్నప్పుడే. ఓ అల్లాహ్! నీవిచ్చిన అనుగ్రహాలను మాకు పుణ్యంగా, మరుగుగా చెయ్యి, భారంగా చెయ్యకు. మా మీద ఉన్న హక్కులను మా చేతులతోనే చెల్లించే భాగ్యాన్ని ప్రసాదించు. ఆమీన్!