ప్రజాతంతువు

విద్య ముగించి గృహమునకు మరలుచున్న శిష్యునకు తైత్తిరీయోపనిషత్తునందలి ఆచార్యుడు చేయు ఉపదేశములలో, సత్యము పలుకుమనియు ధర్మ మాచరింపుమనియు చెప్పిన మాటలకు తోడుగ, సంతానమను తంతువును తెంపవలదను ఆజ్ఞయు నొకటి కలదు. సత్యధర్మముల సరసన ఈ మాట నిలుచుట మనవారి కెన్నడును వింతగ తోచలేదు. పితృఋణము తీర్చనివానికి గతులు లేవను విశ్వాసము మన యిండ్లలో పెండ్లిమాటలు నడచునప్పుడెల్ల ఏదో యొక మూలనుండి వినవచ్చుచునే యున్నది. ఐనను ఈ ఆజ్ఞకు హద్దు కలదా? ఒక వంశము, కాదేని ఒక జాతి సమస్తము, నశింపబోవుచున్న వేళ, తన్ను నిలుపుకొనుటకై అది యేమి చేసినను ధర్మమే యగునా? ఈ ప్రశ్నను రెండు కథల నడుమ నుంచి పరిశీలింప దలచితిని. అం దొకటి నన్నయభట్టు రాజమహేంద్రవరమున తెనిగించిన ఆదిపర్వమునందలిది. రెండవది 1972లో అమెరికాలో వెలువడిన ఒక శాస్త్రకల్పనా నవలయందలిది.

రెండవదానినే ముందుగ చెప్పెదను; మొదటిది చదువరులలో పలువురు చిన్ననాటనే వినియుందురు. రష్యాలో జన్మించి, పసితనముననే న్యూయార్కు చేరి, పిదప బోస్టను విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రాచార్యుడైన ఐజాక్ అసిమోవ్, షిల్లరు నాటకములోని ఒక వాక్యమును మూడు ముక్కలు చేసి తన నవలయందలి మూడు భాగములకును శీర్షికలుగ నుంచి, నడిమి ముక్కయగు ‘ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్’ అను మాటలనే గ్రంథమునకును నామముగ చేసినాడు. ఆతని కథలలో అన్యలోకజీవులుగాని సంయోగప్రసక్తిగాని కానరావని పలువురు ఎత్తిపొడుచుచుండగా, ఆ రెండు కొఱతలను ఒక్కమారే తీర్పదలచెనో యన్నట్లు, ఆ నడిమి భాగము నంతయు అన్యలోకజీవుల దాంపత్యమునకే వినియోగించినాడు. ఆ దాంపత్యమున పాత్రలు ఇద్దరు కారు, ముగ్గురు.

వారి విశ్వము మనది కాదు. పరమాణుకేంద్రమునందలి కణములను బంధించియుంచు ప్రబలబలము అచ్చట మనకంటె మిక్కుటము. కావున అచ్చటి నక్షత్రములు చిన్నవైయుండియు, ఇంధనమును త్వరత్వరగ దహించివేసికొని, చల్లారిపోవుచుండును. అట్లు చల్లారుచున్న యొక సూర్యుని క్రింద మృదుకాయులని చెప్పదగిన జీవులు బ్రదుకుచున్నారు. వారి దేహములు పొగమంచువలె ఒకదానిలో నొకటి చొచ్చుకొనగలవు. వారి కాహారము సూర్యకాంతియే. వారిలో వివేకి విద్యార్జనమునందే కాలము పుచ్చును. పోషకుడు శిశువులను తన దేహమున మోసి, కని, పెంచును. భావిని యనదగిన మూడవ వ్యక్తి దేహము మిక్కిలి పలుచన, మనస్సు మిక్కిలి సున్నితము, ఆమె నడుమ నుండనిదే తక్కిన యిద్దరును కలియజాలరు. ముగ్గురును కరగి యేకమైన వేళ ఎవరికిని స్మృతి యుండదు; తెలివి వచ్చునప్పటి కెంతకాలము గడచినదో వారికే తెలియదు. ప్రతి త్రయమును మొదట ఒక వివేకిని, పిమ్మట ఒక పోషకుని, కట్టకడపట ఒక భావినిని కనవలెను. ఈ కడపటి శిశువునకే చిక్కంతయు: తల్లియైన భావిని పుష్కలముగ కాంతిని భుజించియున్ననే గాని ఆ శిశువు కలుగదు. సూర్యుడు చల్లారుకొలది కాంతి తఱుగును, కాంతి తఱిగినకొలది మూడవ శిశువు దుర్లభమగును, మూడవ శిశువు లేనిచో రాబోవు తరమున త్రయమే లేదు. జాతినాశనము యుద్ధముగనో తెగులుగనో గాక, ఒక్క ప్రసవము వాయిదా పడుటగ వచ్చుచున్నది. కల్పనయే యైనను ఇంత పొందికగ అల్లిన జీవశాస్త్రమును నేను వేఱొకచోట చూచియెఱుగను.

దేహములు కరగి కలియుట కేవలము కవికల్పన యనుకొనువారికి ఒక మాట. అగాధసముద్రమున నెత్తిపై గాలమువంటి తీగ ధరించిన ఆంగ్లర్ చేపలలో కొన్నింట, మగచేప మిక్కిలి చిన్నదై, ఆడుచేప దేహమును కఱచిపట్టి, క్రమముగ చర్మమును రక్తనాళములును కలిసిపోగా, తుదకు దాని యవయవమువలె బ్రదుకునని 1925లోనే టేట్ రీగన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వివరించినాడు. అసిమోవును నేను మందలింపదగినది ఇంకొకచోట కలదు: మూడు లింగములను సృష్టించియు, భావము స్త్రీకి, బుద్ధి పురుషునకు అను పాతపంపకమును మాత్ర మాతడు విడువలేకపోయినాడు.

మృదుకాయులతోపాటు ఆ లోకమున కఠినకాయులును కలరు. వారు గురువులు, యంత్రనిర్మాతలు, సంఖ్యలో తఱుగుచున్నవారు. మూడవ శిశువు కలిగిన పిదప త్రయములు ‘దాటిపోవును’. అది మరణమని మృదుకాయులు తలంతురు. యథార్థము వేఱు. ముగ్గురును శాశ్వతముగ కరగి, గట్టిపడి, ఒక్క కఠినకాయుడగుదురు. మృదుకాయత్వము శైశవదశ మాత్రమే. అంతియకాదు, ముగ్గురును తాత్కాలికముగ కలిసిన ప్రతిపర్యాయమును, ఆ మఱపు ఘడియలలో, వారు రాబోవు ఆ కఠినకాయుడే యైయుండి పనులు చక్కబెట్టుచుందురు. విడివడగనే ఆ సంగతి మఱతురు.

ఇక ఆ పనులలో ప్రధానమైనది చెప్పవలెను. ఎస్ట్‌వాల్డ్ అను క్రొత్త కఠినకాయుడు రెండు విశ్వముల నడుమ ద్రవ్యమును మార్చుకొను ఉపాయము కనిపెట్టును. భూమిపై నొక ప్రయోగశాలలో టంగ్‌స్టన్ ఉండవలసిన సీసాలో, మన విశ్వనియమములను బట్టి ఉండనే కూడని ప్లుటోనియం-186 కానవచ్చును. దానిని పట్టుకొని మానవులు ఎలక్ట్రాన్ పంపును నిర్మించి, ఖర్చు లేని శక్తి లభించెనని పండుగ చేసికొందురు. కాని శక్తితోపాటు భౌతికనియమములును అటునిటు ఊరుచుండుటచే మన సూర్యునియందు ప్రబలబలము పెరిగి, కొంతకాలమున కాతడు ప్రేలిపోవును. అటువైపువారి కిది తెలియును. తెలిసియు పంపును ఆపరు. ఏలయన ఆపినచో తమ శిశువులు పుట్టరు.

డూవా యను భావిని ఒక్కతెయే దీనికి తాళలేకపోవును. ఆమె తన జాతి స్త్రీలవలె కాంతిని ఆబగ తినునది కాదు. వివేకులవలె ప్రశ్నించునది, అందులకై తోడివారిచే పరిహాసము పడినది. పోషకుడు ట్రిట్ సంతానకాంక్షతో యంత్రశక్తిని దొంగిలించి ఆమె యెఱుగకుండ ఆమెకు తినిపించి మూడవ శిశువును సాధించిన పిదప, ఆమె అలిగి శిలలలో దాగి, మనలోకమునకు హెచ్చరికలు పంపుటకు యత్నించి యత్నించి శుష్కించును. కడకు వివేకియగు ఓడీన్ సత్యమును గ్రహించి ఆమెను చేరి చెప్పును: ఆ ఎస్ట్‌వాల్డు మనమే. ఎవని కార్యమును ప్రాణములొడ్డి అడ్డగింప జూచుచుండెనో, ఆతనిలో మూడవవంతు తానే. ముగ్గురును కరగుదురు, చేయవలసిన పని యింకను చాల మిగిలియున్నదని ఎస్ట్‌వాల్డు పలుకుటతో ఆ భాగము ముగియును.

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు సన్న్యసింపబోవుచు, నీట వేసిన ఉప్పుగడ్డ మరల వేఱుగ తీయరానట్లు జీవుడు ఆ మహత్తునందు లీనమగుననియు, అటుపిమ్మట సంజ్ఞ యుండదనియు చెప్పగా, మైత్రేయి దిగులుపడి, ఈ మాట నన్ను భ్రమలో పడవైచినదని పలుకును. ఆమెకు ఋషి చెప్పిన సమాధానము ప్రసిద్ధము: రెండవ దున్నచోటనే ఒకడు మరియొకనిని చూచును, వినును, పలుకరించును, అంతయు ఆత్మయే యైనచోట చూచుట కేమున్నది? మోక్షవిషయమున నేనీ సమాధానమును శిరసావహింతును. కాని డూవాకు ఇదియే చెప్పి ఊరడింపగలమా? ఎదిరించుటకు ఎదుట నొకడుండవలెను. తాను ఎదిరించుచున్నవానితో ఐక్యము పొందినపిమ్మట ఆమె యాక్షేపణ ఎవనికి వినిపించును, ఎవని నోట వినిపించును? యాజ్ఞవల్క్యుడు చెప్పిన యేకత్వమున వెలుపల ఏదియు మిగులదు. ఎస్ట్‌వాల్డు నేకత్వమో, మూడు దేహముల మేరకే. దాని వెలుపల భూమియు, భూమిపై జనులును రెండవ వస్తువుగనే నిలిచియున్నారు. ఇట్టి అసంపూర్ణమైన అద్వైతము ద్వైతముకంటె ప్రమాదకరమని నా యభిప్రాయము. లోపలి కలహమును అణచి, వెలుపలివానిపై చేయి స్థిరపరచుట కది చక్కగ పనికివచ్చును. కులములును దేశములును ‘మనమంతయు ఒక్కటే’ యని గట్టిగ పలుకు సమయములను తలచుకొనుడు.

ఇక ఆదిపర్వము. బ్రహ్మచర్యవ్రతుడైన జరత్కారుడు తిరుగుచు తిరుగుచు ఒక గోతిలో, ఎలుక కొఱుకుచున్న గడ్డిదుబ్బును పట్టుకొని తలక్రిందులుగ వ్రేలాడుచున్న మునులను చూచును. వారు తన పితరులే, ఆ దుబ్బునకు మిగిలిన వేరు తానే. అంతట ఆతడు పెండ్లి కొప్పుకొనును, కన్య తన పేరిటిదే కావలెననియు, భిక్షగ లభింపవలెననియు, తాను పోషింపననియు ఎవ్వరును తీర్పలేని నియమములు పెట్టి. ఆశ్చర్యమేమన, ఆ నియమములన్నిటికిని సరిపడు కన్య సిద్ధముగ నున్నది: వాసుకి చెల్లెలు. నాగులును అంతరింపబోవు జాతియే. మోసమునకు తోడుపడమని నిరాకరించినందులకు కన్నతల్లి కద్రువయే, జనమేజయుని సర్పయాగమున భస్మమగుడని శపించినది. జరత్కారునకు పుట్టు కొడుకు ధర్మాత్ములైన నాగులను కాపాడునను బ్రహ్మవాక్యమును నమ్మి వారు చెల్లెలిని ఆ తపస్వి కొఱకే పెంచుకొనియుండిరి. ఈ వివాహమున ప్రేమకుగాని సుఖమునకుగాని చోటు లేదు, ఇరువైపులను వంశరక్షణమే. సాయంసంధ్య తప్పిపోవునని తన్ను మేలుకొల్పిన భార్యను ఆ ముని అప్పుడే విడిచిపోయెనన్న, ఆ బంధ మెంత పొడిగ నుండెనో తెలియును. డూవాకు తెలియకుండ శక్తిని తినిపించిన ట్రిట్‌కును, చెల్లెలిని దాచియుంచిన వాసుకికిని నాకు పెద్ద తేడా కానరాదు.

తేడా పుట్టిన బిడ్డయందున్నది. ఎస్ట్‌వాల్డు మువ్వురి ఫలము, కాని మువ్వురును ఒక్క జాతివారే. లింగము లెన్నియైనను పక్షము ఒక్కటే. జరత్కారుని కొడుకగు ఆస్తీకుడు తండ్రివలన మనుష్యుడు, తల్లివలన నాగుడు. హోమగుండమున సర్పములు వచ్చి పడుచుండగా ఆతడు యజ్ఞవాటిక కేగి, రాజును నిందింపలేదు, ఋత్విజులను శపింపలేదు. యాగమును ప్రశంసించి, వరము పుచ్చుకొని, ఆ యాగము నాపుమని కోరినాడు. తండ్రిని చంపిన తక్షకునిపై జనమేజయునకు గల పగ అన్యాయమని ఆతడు వాదింపలేదు, వాదించినచో ఓడియుండునేమో. రాజు ధనము చూపెను, ఆవులను చూపెను. బాలుడు మఱియొకటి వలదనెను. అట్లు పితరుల వంశమునకై పుట్టినవాడు పరాయిజాతి నాశనమున కడ్డుపడుటకు వినియోగపడినాడు. జరత్కారుని పితరులు కోరినది ఇది కాదు, వారికి కావలసినది పిండోదకములే. ఐనను వారి కోరికకు హద్దెక్కడనో ఈ కథ చూపుచున్నదని నే ననుకొందును: తంతువు నిలుపుకొనవచ్చును, కాని దానిని నిప్పులో పడుచున్న రెండవవానికి అందునంత పొడవుగ పేనవలెను.

అసిమోవ్ తన నవల మూడవ భాగమున ఈ చిక్కును విప్పినా డనుకొనువారు కలరు. చంద్రునిపై డెనిసన్ అను శాస్త్రజ్ఞుడు, సెలీనీ అను చంద్రలోకపు యువతి తోడ్పాటున, ప్రబలబలము మిక్కిలి దుర్బలమై, ద్రవ్యమంతయు ఒక్క అండమువలె ముద్దయైయున్న మూడవ విశ్వమును కనుగొనును. దాని ప్రభావము మొదటి పంపు చేసిన హానిని సరిదిద్దును. మన సూర్యుడు నిలుచును, వారి శిశువులును పుట్టుదురు. శాస్త్రమునకు ఇది ఘనవిజయమే. అన్యాయము చేయువాడు తన పని మానుకొననక్కఱలేదు, అన్యాయము పడువాడు అడుగనక్కఱలేదు. మొఱపెట్టుటకు ఎవ్వరును లేనిచోటు వెదకి భారమునంతయు అచ్చట దింపివైచిరి. డూవా పంపిన హెచ్చరికలను మన్నించి మానవులు పంపును ఆపినట్లు ఆ గ్రంథమున ఎచ్చటను కానరాదు. ఆస్తీకునకు మూడవ విశ్వము దొరకలేదు. ఉన్న యజ్ఞవాటికలోనే, పగగల రాజు నెదుట నిలిచి, ఆపుమని ఆతడు అడుగవలసి వచ్చినది.